మా వీధికి తెలియని ఎలిజబెత్

మా నర్సమ్మ గారు పోయారు. ఆవిడ పోయిన సంగతి నేను రెండుసార్లు చదివాను. భిలాయిలో మా సెక్టారు తెలుగువాళ్ల నోటీసు బోర్డు మీద, తెల్ల కాగితంపై నీలి సిరాతో, 'ఎలిజబెత్ గారు ప్రభువునందు నిద్రించారు, సమాధి కార్యక్రమం బుధవారం ఉదయం పది గంటలకు' అని ఉంది. ముందురోజు సాయంత్రం ఒకసారి చదివాను. బుధవారం పొద్దున పాలకు వెళ్తూ మళ్లీ చదివాను. ఎవరో పెద్దావిడ, పాపం అనుకుని పాలు తెచ్చుకున్నాను. మాకు తెలిసింది బెట్టీ. ఎలిజబెత్‌ని తుంచితే బెట్టీ అవుతుందని మా వీధిలో ఒక్కరికీ తెలియదు.

ఆవిడది కృష్ణా జిల్లా. మా సెక్టారు ఆరోగ్య కేంద్రంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశారు. నాకు తొమ్మిదేళ్లప్పుడు టైఫాయిడ్ వస్తే, పద్నాలుగు రోజులు డ్యూటీ దిగాక నడిచి వచ్చి సూది వేసి వెళ్లారు. నేను ఇవాళ ఇలా కూర్చుని రాస్తున్నానంటే అందువల్లే. సూది వేసే ముందు "పదమూడో ఎక్కం చెప్పు" అనేవారు. పదమూడు నాలుగుల దగ్గర నేను తడబడేలోగా పని అయిపోయేది. "చూశావా, సూదికన్నా ఎక్కమే కష్టం" అనేవారు.

ఆవిడకన్నా పదేళ్లు చిన్నదైన మా అమ్మ గుమ్మంలోంచే కేకేసేది. "బెట్టీ, ఓపాలి ఇలా రా, గుంటడికి ఒల్లు కాలిపోతంది." ఆవిడకు టీ ఇచ్చే గ్లాసు మా ఇంట్లో కిటికీలో విడిగా ఉండేది. పక్కింటావిడ నాకు పిన్ని, ఎదురింటావిడ అత్త, కూరలమ్మే ఛత్తీస్‌గఢీ ఆవిడ కూడా దీదీ. ప్రాణం నిలబెట్టినావిడ మాత్రం ఉత్త బెట్టీ. మా నాన్నను సత్యనారాయణమూర్తి గారూ అని పిలవడానికి ఎవరికీ నోరు నొప్పి పుట్టలేదు. ఈవిడ పూర్తి పేరేమిటని అడిగే తీరిక మాత్రం ఎవరికీ లేకపోయింది.

ఆ పేరు ఎలా వచ్చిందో ఆవిడే ఒకసారి చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో వాళ్ల నాన్న చూడటానికి వచ్చి, కేంద్రం వరండాలో నిలబడి "బెట్టీ" అని పిలిచాడట. మర్నాటినుంచి డాక్టరు దగ్గర్నుంచి స్వీపరు దాకా అందరికీ అదే పేరు. "మా నాన్న పిలిస్తే ముద్దుగా ఉండేది బాబూ. వీళ్లు పిలిస్తే పని చెప్పినట్టు ఉంటుంది" అన్నారు. నేను నవ్వేశాను. పూర్తి పేరేమిటని అప్పుడైనా అడగలేదు.

రిటైరైనప్పుడు వీధిలో చిన్న సభ చేశాం. అట్ట మీద 'బెట్టీ సిస్టర్‌కు వీడ్కోలు' అని రాసింది నేనే. ఆవిడ దాన్ని కాసేపు చూసి, "పూర్తి పేరు రాయాల్సింది బాబూ" అన్నారు.

"ఎందుకండీ, బెట్టీ అంటేనే కదా అందరికీ తెలుస్తాది" అన్నాను.

ఆవిడ దండ సర్దుకుని కూర్చున్నారు. తర్వాత క్వార్టరు ఖాళీ చేసి కూతురితో భిలాయి-3కి వెళ్లిపోయారు. మాలో ఎవరూ అక్కడికి ఒక్కసారైనా వెళ్లలేదు. ఆటోకి అరగంట దారి.

ఆవిడ పోయారని నాకు తెలిసింది ఆదివారం, సుపేలా మార్కెట్‌లో. ఆవిడ కూతురు ఎదురైంది. నేను హుషారుగా పలకరించాను. "ఏటమ్మా, బెట్టీ సిస్టర్ ఎలాగున్నారు?"

ఆ అమ్మాయి నా మొహంలోకి చూసింది. "బుధవారం సమాధి చేశాం భయ్యా. మీ బోర్డు మీద నేనే వచ్చి అంటించాను. చూడలేదా?"

"చూశాను" అన్నాను. అబద్ధమాడినా బాగుండేది.

"చనిపోయాకైనా నా పేరు పూర్తిగా రాయి అని అమ్మ మరీ మరీ చెప్పింది. అదొక్కటే అడిగింది. అందుకే బెట్టీ అని ఎక్కడా రాయలేదు."

ఆవిడ జీవితంలో ఒక్కసారి పేరు పూర్తిగా రాస్తే, మా వీధి వీధంతా చదివి పక్కకు తప్పుకుపోయింది. మాకు సిగ్గుండాలి. మరి ఈ మాట మా వీధిలో చెబితే, "ఆ పిల్ల బ్రాకెట్లో బెట్టీ అని రాయాల్సింది" అన్నారు. తప్పు ఇప్పటికీ ఆ ఇంటిదే.

ఆ అమ్మాయి మిగతాది కూడా చెప్పింది, కోపం లేకుండానే. పది గంటలకు తీసుకెళ్లాల్సింది, పన్నెండు దాకా ఆపారట. సెక్టారు వాళ్లు వస్తారు, నేను సూదులేసిన మా పిల్లలు వస్తారు, వాళ్లు చూశాకే పెట్టె మూయండి అని ఆవిడ ముందే చెప్పి ఉంచారట. పెట్టెను వాకిట్లో తెరిచే ఉంచారు. మే నెల ఎండ మొహం మీద పడుతుంటే ఎవరో గొడుగు పట్టారట. ఆ రెండు గంటల్లో గొడుగు ముగ్గురి చేతులు మారిందట.