ఒకే లైన్లో కొట్టిన పాస్‌వర్డ్

ఏళ్ల తరబడి గొంతులో ముల్లులా ఉన్న సంగతి ఇది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. మా ఆవిడకి కూడా ఇంకా చెప్పలేదు. ముక్కూ మొహం తెలియని మీకు చెబుతున్నాను. మీ దగ్గరైతే సిగ్గు కాస్త తక్కువగా ఉంది.

మా దీవుల్లోని హాడో రేవులో ఓడ టికెట్లు ఇచ్చే ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాను. అప్పట్లో నాతోపాటు కాంట్రాక్టు మీద భారతి దీదీ పనిచేసేది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి బ్రూక్షాబాద్‌లో స్థిరపడ్డ కుటుంబం. టికెట్ల జాబితా మార్చగల పాస్‌వర్డ్ మా ఇద్దరికే తెలుసు.

మా దీవుల్లో ఆనాటి నెట్ సంగతి ఏం చెప్పను! మబ్బు పట్టిందంటే లింకు పోయినట్టే. రోజూ డేటా కాపీ మెయిన్‌లాండ్‌కి పంపాలి. కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగేలోగా లింకు తెగేది, మళ్లీ మొదటికొచ్చేది. విసుగెత్తి, ఒకరోజు కమాండ్‌తోపాటు ఆ పాస్‌వర్డ్ కూడా కలిపి ఒకే లైన్లో కొట్టేశాను. భలే పనిచేసింది. అదే అలవాటైపోయింది. కానీ ఆ కమాండ్ నడుస్తున్నంతసేపూ, అదే సర్వర్ వాడుతున్న ఏ కౌంటరు వాడైనా ఇప్పుడేం నడుస్తోందని చూస్తే చాలు, పాస్‌వర్డ్‌తో సహా లైనంతా తెర మీద కనబడుతుంది. ఈ మాట నాకు తెలియదా? తెలుసు. ఎవడు చూస్తాడులే అనుకున్నాను.

ఎవడో చూశాడు. వైద్యానికి వైజాగ్ వెళ్లాల్సిన వాళ్ల బెర్తులు వేరే పేర్లకు మారిపోయాయి. విచారణ జరిగింది. పర్మనెంటు ఉద్యోగినని నన్నెవరూ అనుమానించలేదు. అందరూ దీదీ మీద పడ్డారు.

మెట్ల దగ్గర నన్ను ఆపి, నిజం చెప్పమని అడిగింది.

"తమ్ముడూ, సచ్ బోల్. పాస్‌వర్డ్ నువ్వెవరికైనా చెప్పీసేవా?"

"నేనెందుకు చెప్తాను దీదీ? కసమ్ సే, ఒట్టు, ఎవరికీ చెప్పలేదు."

అబద్ధమా? కాదు. నోటితో ఎవరికీ చెప్పలేదు. అందరికీ కనబడేలా పెట్టాను, అంతే. ఆ ముక్క పట్టుకునే ఇన్నేళ్లూ నన్ను నేను సమర్థించుకున్నాను, ఛీ! ఆవిడ నా మాట నమ్మింది. ఉద్యోగం పోయింది, దొంగన్న పేరు మిగిలింది.

మొన్న, కొత్తగా చేరినవాళ్ల కోసం జాగ్రత్తలు రాసిపెట్టమన్నారు నన్ను. పాస్‌వర్డ్‌ను కమాండ్‌లో కలపొద్దు, కంప్యూటర్ అడిగినప్పుడే కొట్టండి, లేదా మీరు తప్ప ఎవరూ తెరవలేని ఫైల్లో ఉంచండి అని రాశాను. ఉదాహరణ దగ్గర "కొందరు ఇలా చేస్తుంటారు" అని రాసి ఆగిపోయాను. ఎవరా కొందరు? ఇంకా ఎన్నాళ్లీ దొంగాట? అది చెరిపేసి, "ఇలా చేసింది నేను. భారతి తప్పేమీ లేదు" అని రాసి, కింద నా పేరు పెట్టాను.

పంపేముందు భారతి దీదీకి ఫోన్ చేసి అంతా చెప్పాను. చివరిదాకా విన్నది. ఫోన్ పెట్టేసింది. క్షమించమని అడగలేదు నేను. అడగడానికి మొహం ఉండాలిగా?

ఆ తర్వాత ఆఫీసులో అందరికీ పంపేశాను. రేపు పెద్దసారు రమ్మన్నారు. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఆవిడ మీద పడ్డ మచ్చ తుడిచేయమని మాత్రం గట్టిగా అడుగుతాను, కాదనరనే అనిపిస్తోంది. ఈ మధ్యాహ్నం క్యాంటీన్లో, చాన్నాళ్లకి, నాకు అన్నం సయించింది.