మామ వేలు

కోరుట్లలో మా మేనమామ ఇన్వర్టర్లు సొంతంగా తయారుచేసేవాడు. స్విచ్ వేయగానే ట్రాన్సిస్టర్‌ను వేలి వెనుక వైపుతో ముట్టుకుని, చటుక్కున తీసేసేవాడు. వేడెక్కిందంటే కరెంటును వదిలి ఆపే దాని గేటును నడిపే సర్క్యూట్ మళ్లీ విప్పాల్సిందే.

“గేటు జల్ది తెరుసుకోవాలె, జల్ది మూసుకోవాలె అల్లుడా. నడుమ ఆగితే కాలిపోతది,” అనేవాడు.

అడవికి పోయి అన్నల్లో కలిసిన ఆయన కొడుకు కోసం పోలీసులొచ్చి దుకాణమంతా చిందరవందర చేసి పోయేవారు. మామ వైర్లు ఏరుకునేవాడు.

ఒకరోజు జగిత్యాల ఆసుపత్రికి రమ్మని కబురొచ్చింది. ఎన్‌కౌంటర్ అన్నారు. ఎప్పుడూ అదే మాట! ముఖం మీది గుడ్డ తొలగించగానే మామ తన కొడుకు చెంపను అదే వేలి వెనుక వైపుతో ముట్టుకున్నాడు.

“పోదాం పా మామా,” అన్నాను.

“ఆగు అల్లుడా, జర ఆగు,” అన్నాడు.

ఆ వేలు మాత్రం తీయలేదు.