గేటు దాటిన పిల్లలు

ఉమాశ్రీ చిన్నతనంలో వాళ్ల నాన్న వాళ్లమ్మను జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చి కొట్టేవాడు. తుని దగ్గర వాళ్లున్న ఆ వీధిలో ఒక్కరూ తలుపు తీసేవారు కాదు. కిటికీ సందుల్లోంచి చూసేవారు, అంతే. తల్లి ఒంటి మీది దెబ్బలకన్నా ఆ కళ్లే ఉమాశ్రీకి ఎక్కువ గుర్తుండిపోయాయి.

పట్నం శివారున నార్సింగి సర్కారు బడిలో తెలుగు టీచరుగా చేరాక అందుకే పద్యాలతోపాటు ఇంకో సంగతి కూడా చెప్పేది. "ఎవరినైనా కొడుతుంటే చూస్తూ నిలబడకండమ్మా. ఒక్కరే మాత్రం వెళ్లకండి. కలిసి వెళ్లండి, గట్టిగా అరవండి, పెద్దవాళ్లను పిలవండి."

పిల్లలు మొదట నవ్వారు. తర్వాత చిన్న తరగతుల వాళ్లను బడి ముందున్న సర్వీసు రోడ్డు దాటించడం మొదలుపెట్టారు. నత్తిగా మాట్లాడే పిల్లవాణ్ణి ఏడిపిస్తుంటే వెళ్లి వాడి పక్కన నిలబడ్డారు. ఎనిమిదో తరగతి యశస్విని అన్నిటికీ ముందుండేది.

ఆ ఎండాకాలం పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని ఫోన్లలో ఒకటే పుకారు. ఒకరోజు బడి వదిలే వేళకు, ఎదురుగా కడుతున్న టవర్లలో పనిచేసే ఒడిశా కూలీ ఒకడు గేటు దగ్గరికి వచ్చాడు. కొడుకును బడిలో చేర్చుకోమని అడగడానికి వచ్చాడు పాపం. అతని భాష ఎవరికీ అర్థం కాలేదు. అక్కడ ఏడుస్తున్న చిన్నపిల్ల చేతిలో బిస్కెట్ పొట్లం పెట్టాడు.

"గీడే, పట్టుండ్రి!" అన్నారెవరో.

ఆటోలు ఆగాయి. మొదటి దెబ్బ హెల్మెట్‌తో పడింది. తర్వాత సెంట్రింగ్ కర్ర లేచింది. అతను కింద పడ్డాక కూడా ముఖం మీద తన్నారు. నోట్లోంచి నెత్తురుతో పాటు పళ్లు రాలాయి. చుట్టూ ఫోన్లు లేచాయి గాని ఒక్క చెయ్యి అడ్డు రాలేదు.

ఉమాశ్రీ పిల్లల్ని లోపలే ఉంచి గేటు వేయమని వాచ్‌మన్‌కు చెప్పి, పోలీసుల నూరు నంబరుకు ఫోన్ చేయించి, బయటికి పరుగెత్తింది. కూలీ మీద అడ్డంగా పడింది. "ఆపండి, మీకు దణ్ణం పెడతాను" అంటుండగానే కర్ర ఆమె ఎడమ చెవి మీద పడింది. లోకమంతా హోరుమంది.

అప్పుడే గేటులోని చిన్న తలుపు తోసుకుని యశస్విని వచ్చింది. రెండు పక్కలా స్నేహితురాళ్ల చేతులు గట్టిగా పట్టుకుంది. ముగ్గురూ అరుస్తూ వచ్చి టీచర్ ముందు నిలబడ్డారు. ఎదురుగా ఎవరిదో హెల్మెట్ ఎత్తి నిలబడ్డవాడు ఆటో నడిపే వేణు, యశస్విని తండ్రి.

"నాయినా, కొట్టకు. ముందు నన్ను కొట్టు."

వేణు చెయ్యి గాల్లోనే ఆగింది. వెనక నుంచి ఒకడు కూలీని ఇంకో తన్ను తన్నాడు. లోపలి పిల్లలంతా గేటు పట్టుకుని కేకలు పెడుతున్నారు. ఆ కేకలకు గుంపు పలచబడింది. పోలీసు బండి వచ్చేసరికి పారిపోయినవాళ్లు పారిపోగా, వేణు అక్కడే కూలబడి ఉన్నాడు. అతన్ని పట్టుకెళ్లారు.

కూలీ బతికాడు. దవడకు తీగలు వేసి కట్టారు. ఉమాశ్రీకి ఎడమ చెవి వినికిడి పోయింది.

బడికి తిరిగొచ్చిన రోజే పిల్లల తల్లిదండ్రులు ఆమెను చుట్టుముట్టారు. "ఏంది మేడం, మా పోరలను లొల్లిలకు తోలుతరా? వాళ్లకేమన్నయితే ఎవరు జవాబు?"

 ఆ రోజు యశస్విని చెంప కమిలి ఉంది. బెయిలు మీద వచ్చిన తండ్రి ముందురోజు రాత్రి చేయి చేసుకున్నాడు. ఆ చెంప చూశాక ఉమాశ్రీకి అన్నం సహించలేదు. నేను చెప్పిన మాటే ఈ పిల్లను కొట్టించింది కదా అనుకుంది.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లింది. వేణు తలెత్తలేదు. "నా బిడ్డె నా ముంగట నిలవడ్డది. ఇగ నేనెవరికి మొఖం చూపియ్యాలె?"

"మీ అమ్మాయి మీరు హంతకుడు కాకుండా ఆపిందండి," అంది ఉమాశ్రీ. "ఇంకోసారి దానిమీద చెయ్యి పడితే, పోలీసులకు నేనే చెబుతాను."

అతను లేచి లోపలికి వెళ్లాడు. యశస్విని మాత్రం గడప దాకా వచ్చింది. "ఫికర్ చెయ్యకుండ్రి టీచర్. మీరు చెప్పకున్నా నేను పోయేదాన్నే."

వేణు ఇప్పటికీ ఉమాశ్రీతో మాట్లాడడు. జూన్‌లో కూలీ కొడుకు ఒకటో తరగతిలో చేరాడు. వాడిని రోజూ రోడ్డు దాటించేది యశస్విని. తండ్రి ఆటోలోంచి చూస్తుంటాడు, వద్దనడు.