మానికలో పడిన పాచిక

2017 జూన్‌లో నన్ను తాడేపల్లి ఆఫీసులో రూల్స్ లీడ్‌గా వేశారు. మూడో అంతస్తులో పదకొండు మందితో నడిచే చిన్న వీడియో గేముల కంపెనీ అది. అంతకు ముందు పద్దెనిమిదేళ్లు బ్యాంకుల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే పని చేశాను. రూల్స్ లీడ్ అంటే ఆట నియమాలను ప్రోగ్రామర్లు రాసుకోగలిగే లెక్కగా మార్చి, ఆ లెక్క ఎక్కడా తప్పకుండా కాపలా కాసే మనిషి. బొమ్మలు గీసేవాళ్లకు పేరొస్తుంది, సంగీతం కట్టేవాళ్లకు పేరొస్తుంది, మాకు మాత్రం ఆట చెడితే తిట్లొస్తాయి.

నాకిచ్చిన మొదటి పని వినుకొండలో ఒక టీచరు గారు తయారు చేసిన ఆటను కంప్యూటర్లోకి ఎక్కించడం. ఎనిమిది నెలల గడువు. అప్పటికి వినుకొండ గుంటూరు జిల్లాలోనే ఉండేది.

ఆ ఆట సంగతి కొంచెం చెప్పాలి. బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట అయినా ఇందులో గళ్ల పటం ఉండదు. ఆడేవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. చేసింది ఫలిస్తుందో లేదో అనుమానం ఉన్నచోట పాచిక వేస్తారు. చివరికి ఏం జరిగిందో చెప్పడానికి ఒక మనిషి ఉంటారు. వినుకొండ బల్ల దగ్గర ఆ మనిషిని తీర్పరి అనేవారు. ఆట పేరు బండ్ల బాట. పాతకాలంలో పత్తి, మిరపకాయల బండ్లను వినుకొండ నుంచి కనిగిరికి దొంగలనూ కోట కాపలావాళ్లనూ దాటించి చేర్చడం అందులో కథ.

తీర్పరి పేరు సువార్తమ్మ. బడిలో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యారు. ఆదివారం చర్చిలో ఆరాధన అయి, భోజనాలు ముగిశాక ఐదుగురు ఆమె ఇంటి వరండాలో చేరేవారు. నియమాలన్నీ మూడు లాంగ్ నోటుబుక్కుల్లో గుండ్రటి చేతిరాతతో ఉన్నాయి. పాచికను బియ్యం కొలిచే ఒక పాత ఇత్తడి మానికలో వేసి గిలకరించేవారు. మానికలోకి టీచరు గారొక్కరే చూసి, పడిన అంకె పైకి చెప్పేవారు. ఇంకెవరైనా తొంగి చూస్తే వాళ్ల వంతు పోయినట్టే. ఈ నియమం మొదటి నోటుబుక్కులో మొదటి పేజీలోనే ఉంది. ముచ్చటగా ఉందనుకుని, కంప్యూటర్‌కి మానికెందుకని దాన్ని కొట్టేశాను.

ఆట మాకివ్వడానికి ఆమెకు కారణం ఉంది. గొంతులో కాయ ఉందని, ఇక గంటల తరబడి మాట్లాడితే ఉన్న గొంతు కూడా పోతుందని గుంటూరు డాక్టరు చెప్పాడు. తీర్పరి నోరు లేకపోతే ఈ ఆట లేదు. మొదటి రోజే ఆమె నాతో గరగరమనే గొంతుతో అన్నారు.

"నా గొంతు పోయేలోగా ఇది మిషన్లోకి ఎక్కాలమ్మా. లేకపోతే వీళ్లు ఆదివారం మధ్యాహ్నం ఎక్కడికి పోతారు?"

వచ్చే ఐదుగురిలో పెద్ద గొంతు కోటయ్యది. ఆమె పాత శిష్యుడు. కొంచెం పొలం ఉంది, బస్టాండు దగ్గర పురుగుమందుల కొట్టు ఉంది. బండ్లకు కాపలా కాసే వీరయ్య అతని పాత్ర. నేను నోటుబుక్కు తీసేసరికే మొదలుపెట్టాడు.

"మా వీరయ్య పదకొండేళ్ల నుంచి బతికే ఉన్నాడు మేడం. ఇరవైసార్లు చావు దాకా పోయొచ్చాడు. అదృష్టం అనుకునేరు, అంతా తెలివి!"

అది కూడా రాసుకున్నాను. దాని కింద గీత గీసి ఉంటే నాకు ఆర్నెల్లు కలిసొచ్చేవి.

పని మొదట్లో బాగా సాగింది. ఇలాంటి ఆటలో యంత్రానికి బాగా వచ్చేది లెక్క. ఎన్ని బస్తాలకు ఎద్దులు ఎంత దూరం లాగుతాయి, వాన పడితే నల్లరేగడిలో చక్రం ఎంత దిగుతుంది, ఇలాంటివన్నీ నోటుబుక్కులో ఉన్నాయి. బల్ల దగ్గర వాటికి అరగంట పట్టేది, ఈలోగా ఒకరు టీ తాగొచ్చేవారు, ఒకరు కునుకు తీసేవారు. మా ప్రోగ్రామ్ రెప్పపాటులో తేల్చేసింది. ఒక పాత్రకే తెలియాల్సిన రహస్యాన్ని ఆ ఒక్కరికే చూపించడం, మూడు నెలల కిందట దొంగకు ఏం మాటిచ్చారో గుర్తుంచుకోవడం కూడా మనిషికంటే యంత్రమే బాగా చేసింది.

ఇబ్బంది ఎక్కడ వచ్చిందో చెబుతాను. ఒక ఆదివారం నేనుండగా బండ్లు కోట గుమ్మం దగ్గర ఆగిపోయాయి. కాపలావాళ్లు వదలడం లేదు. కోటయ్య కాసేపు ఆలోచించి, "గాలి కోట వైపు ఉందా టీచర్ గారూ? అయితే రెండు బస్తాల మిరపకాయలు మంటలో పోస్తున్నా" అన్నాడు. టీచరు గారు దగ్గొచ్చేదాకా నవ్వి, కాపలావాళ్లు కళ్లు నులుముకుంటూ గుమ్మం వదిలి పరుగెత్తారని చెప్పారు. మూడు నోటుబుక్కుల్లో ఎక్కడా లేని తీర్పు అది. మా తెర మీద కోట గుమ్మం దగ్గర నాలుగు దారులే ఉన్నాయి. కొట్లాడు, లంచమివ్వు, చుట్టూ తిరిగిపో, వెనక్కి మళ్లు. నేను పట్టుబట్టి మిరప పొగ అని ఐదో బటన్ పెట్టించాను. ఆఫీసులో ఆడి చూసినవాళ్లు ప్రతి గుమ్మం దగ్గరా అదే నొక్కారు. బల్ల దగ్గర ఒకసారి తట్టిన ఆలోచన తెర మీదికొచ్చేసరికి అలవాటైపోయింది. నెలలోపే ఆ బటన్ తీసేశాం.

జనవరిలో మొదటి పరీక్ష వినుకొండలోనే పెట్టాం. వరండాలో లాప్‌టాప్‌ను టీవీకి కలిపాం. టీచరు గారు మాట్లాడే పని లేకుండా అంతా తెర మీదే నడిచింది. ఇరవై నిమిషాలకి వాగు దాటుతుండగా వీరయ్య చచ్చిపోయాడు.

కోటయ్య టీవీ వంక వేలు చూపించి, "మీ మిషన్లో ఏదో తేడా ఉంది మేడం, చూస్కోండి" అన్నాడు. ఇది పరీక్షే కాబట్టి ఈ చావు చెల్లదని అందరం అనుకున్నాం. మర్నాటి నుంచి మూడు రోజులు నేను తేడా కోసం వెతికాను. యంత్రం చేత లక్షసార్లు పాచిక వేయించాను. ప్రాణబలం సున్నాకు వస్తే పాచిక వేయాలి, ఒకటి గానీ రెండు గానీ పడితే చావు అని నోటుబుక్కులో ఉంది. ప్రోగ్రామ్‌లోనూ అదే ఉంది. తప్పు లేదు.

అప్పుడు గాని కోటయ్య చెప్పిన ఇరవై గుర్తుకు రాలేదు. మూడింట ఒక వంతు చావుండే పాచికను ఇరవైసార్లు దాటాలంటే, మూడు వేలమందికి పైగా ఆడితే ఒకడికి దక్కే అదృష్టం కావాలి. జీవితమంతా లెక్కల్లో తప్పులు పట్టి జీతం తీసుకున్నదాన్ని, కళ్లెదుట ఉన్న ఈ లెక్క పట్టుకోలేకపోయాను.

శనివారం బస్సెక్కి వినుకొండ వెళ్లాను. అప్పటికి డాక్టరు ఆమెను అసలే మాట్లాడొద్దన్నాడు. ఒళ్లో పలక పెట్టుకుని, చెప్పాల్సింది రాసి చూపిస్తున్నారు. నా లెక్క కాగితం ఆమె ముందు పెట్టాను. చదివి, పలక మీద రాశారు.

"మానికలో నేను చెప్పిందే పడింది."

తుడిచి మళ్లీ రాశారు. "పత్తి పంట పోయిన ఏడు వాడు ఇక్కడికి తప్ప ఎక్కడికీ పోయేవాడు కాదు. అప్పుడు మొదలైంది."

దాని కింద ఇంకో మాట రాశారు. "దయ ఒక్కటే కాదు. పొగరెక్కి కొట్లాటకు దిగితే ఆరు పడినా రెండన్నాను."

నాకు కోపం వచ్చింది. ఆర్నెల్లు నోటుబుక్కునే ప్రమాణంగా తీసుకుని పని చేస్తే, అసలు నియమం నోటుబుక్కులో లేదు. బస్సులో తిరిగొస్తూ సగం దూరం ఆమెను తిట్టుకున్నాను, మిగతా సగం నన్ను. తొంగి చూడకూడదని మొదటి పేజీలోనే రాసి ఉంటే, ఎందుకు చూడకూడదని అడగనిది నేనే.

మేనేజరు ఆ దయనేదో ప్రోగ్రామ్‌లోనే పెట్టేయమన్నాడు. పెట్టాం. చావుకు దగ్గరైన పాత్రకు పాచిక కొంచెం మంచిగా పడేలా చేశాం. రెండు రోజుల్లో ఆఫీసువాళ్లు పసిగట్టి, ఎవరూ చావరని తెలిసి, కోటల మీదికి ఒట్టి చేతులతో నడిచిపోవడం మొదలుపెట్టారు. ఎవరిని ఏ వారం కాపాడాలో టీచరు గారికి తెలుసు, ప్రోగ్రామ్‌కి తెలియదు. ఆ కోడ్ మొత్తం తీసేశాం.

చివరికి రెండు రకాలుగా చేద్దామని తేల్చాం. ఒంటరిగా ఆడేవాళ్లకు ఉన్నదున్నట్టు పడే పాచిక. కలిసి ఆడేవాళ్లకు తీర్పరి ఉండే ఆట. ఇందులో లెక్కలన్నీ యంత్రం చేస్తుంది, పాచిక మాత్రం తీర్పరి తెర మీదే కనిపిస్తుంది. ఆమె ఒప్పుకుంటే ఒక మీట, మార్చాలంటే ఇంకో మీట. చెప్పాల్సింది టైపు చేస్తే టీవీ మీద కనిపిస్తుంది. గొంతు అక్కర్లేదు. ఆ ఏర్పాటు చూసి టీచరు గారు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఫిబ్రవరిలో రెండో పరీక్ష. ఆట గొప్పగా సాగింది. మూడు గంటల తర్వాత ముగించగానే టీవీ మీద ఒక పట్టిక తెరుచుకుంది. మా వృత్తిలో ప్రతి మార్పునూ సమయంతో సహా రాసిపెట్టుకుంటాం, దాన్ని లాగ్ అంటారు. బ్యాంకు రోజుల నుంచి నాకది ఊపిరి తీసుకున్నంత అలవాటు. పరీక్ష ముగియగానే తెరుచుకునేలా పెట్టింది నేనే, ఊరికి తెచ్చేముందు తీసేయడం మర్చిపోయింది కూడా నేనే. అందులో మూడో వరుసలో ఇలా ఉంది. పాత్ర వీరయ్య, పాచిక ఒకటి, ప్రకటన నాలుగు.

కోటయ్య అది రెండుసార్లు చదివాడు. "ఏంటి టీచర్ గారూ ఇది?" అన్నాడు. అతని గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. టీచరు గారు పలకను ఒళ్లో బోర్లించారు.

"అంటే పదకొండేళ్లూ ఇంతేనా?" అని లేచి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

తర్వాతి ఆదివారం అతను రాలేదు. అతను రాలేదని ఇంకో ఇద్దరు రాలేదు. ఆమె గొంతు పోతే ఆట ఆగిపోతుందని నన్ను పిలిచారు, గొంతు లేకుండా ఆడే దారి చూపించి నేను ఆటనే ఆపేశాను. కొట్టుకు వెళ్లి కోటయ్యను క్షమించమని అడిగాను.

"మీదేం తప్పు మేడం, మీ మిషన్ నిజం చెప్పింది. నేనే తెలివిగలవాణ్ణనుకుని ఊరంతా చెప్పుకు తిరిగా" అన్నాడు. నా వంక చూడకుండా మందు డబ్బాలు సర్దుతూనే ఉన్నాడు.

సంగతి టీచరు గారికి చెప్పాను. లాగ్ పీకేస్తానని, ఇకమీదట ఎవరికీ కనబడదని కూడా చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపి, లోపలికి వెళ్లి మానిక తెచ్చారు. గుడ్డలో చుట్టి, ఒక చీటీ పెట్టి, కొట్లో ఇచ్చి రమ్మన్నారు. చీటీ మడత పెట్టలేదు కాబట్టి చదివాను. "గొంతున్నవాడివి నువ్వే. వచ్చి కూర్చో."

ఆ ఆదివారం కోటయ్య మానికతో వచ్చాడు. నేరుగా వెళ్లి తీర్పరి కుర్చీలో కూర్చున్నాడు. టీచరు గారు మొదటిసారి ఆడేవాళ్ల వైపు కూర్చుని, బండి తోలే నాగమ్మ అనే పాత్ర తీసుకున్నారు. లాప్‌టాప్‌కి బస్తాల లెక్క మాత్రం అప్పగించాం. మొదటి గంట అతను తడబడ్డాడు, ఎద్దుల పేర్లు కలగాపులగం చేశాడు. తర్వాత గొంతు లేచింది. వాన కురిపిస్తే చూరు కింద ఉన్న మేం కూడా కాళ్లు ముడుచుకున్నాం.

సాయంత్రానికి నాగమ్మ బండి దొంగల చేతికి చిక్కింది. ప్రాణబలం సున్నాకు వచ్చింది. కోటయ్య పాచిక మానికలో వేసి గిలకరించి లోపలికి చూశాడు. మానికను ఇంకాస్త దగ్గరగా లాక్కున్నాడు.

"నాలుగు" అన్నాడు.

టీచరు గారు అతని వంక చూసి, పలక మీద రాసి చూపించారు. "ఏరా, నిజమేనా?"

"మానికలోకి చూస్తే వంతు పోద్ది టీచర్ గారూ" అన్నాడు కోటయ్య.

నేను అతని పక్కనే కూర్చున్నాను. మెడ కొంచెం వంచితే కనబడేది. వంచలేదు.

ఒంటరిగా ఆడే ఆటను మార్చిలో విడుదల చేశాం. ఓ మోస్తరుగా ఆడింది. కలిసి ఆడేదాంట్లోంచి లాగ్ తీసేసి, పాచికను కూడా తీసేసి, లెక్కలు మాత్రం ఉంచాం. పాచిక ఇంట్లో ఉన్న గిన్నెలో వేసుకోండని సూచనల్లో రాశాం.

2022లో రిటైరయ్యేదాకా ఇలాంటి ఆటలు ఇంకా కొన్ని నా చేతిమీదుగా వెళ్లాయి. నియమాల పుస్తకం ఎవరు తెచ్చినా తెరవక ముందు ఒకటే అడిగేదాన్ని. ఇందులో రాసింది మీరు ఎప్పుడు, ఎవరి కోసం తప్పుతారు? ఎప్పుడూ తప్పం అన్నవాళ్ల పుస్తకం పక్కన పెట్టి, ముందు నెల రోజులు వాళ్ల బల్ల దగ్గర కూర్చుని వచ్చేదాన్ని.