అద్దంలో కొండ

మా బావది సెలూన్. అందులో రెండో కుర్చీ నాది. ఆయన కత్తెరతో కోసేదానికంటే నోటితో కోసేదే ఎక్కువ. ఎవరి మెడకైనా గుడ్డ కట్టాడంటే చాలు, కొండ కథ మొదలయ్యేది. గుమ్మంలోంచి కనిపించే ఆ కొండ ఎదుటి అద్దంలో నిండుగా పడుతుంది. "అదుగో, ఆ చీలిన బండ చూశారా? దాని పక్కనుంచే ఎక్కాను. పైన గాలి చెంప ఛెళ్ళుమనిపిస్తుందనుకోండి!" అనేవాడు. జనం ఆయనకు కొండాయన అని పేరు పెట్టేశారు.

నిజానికి బల్బు మార్చడానికి స్టూలెక్కాలన్నా ఆయనకు కాళ్ళు వణుకుతాయి. ప్రతిసారీ నేనే ఎక్కి చావాలి. ఆ సంగతి మా అక్కకు తెలుసు, నాకు తెలుసు, రోజూ గడ్డం గీయించుకునే టైరు షాపాయనకూ తెలుసు. తెలియనిది మా మేనకోడలికి ఒక్కదానికే. చిన్నప్పుడు నాన్న కొండెక్కిన కథ చెబితేనే ముద్ద మింగేది ఆ పిల్ల. దాని కళ్ళముందు పలుచన కావడం కంటే చావు నయమనేవాడు బావ.

ఆ పిల్లకు మందుల షాపులో ఉద్యోగం వచ్చింది. తోటివాళ్ళు సెలవునాడు కొండెక్కుదామనుకుంటే, "దారి చూపించడానికి మా నాన్న ఉన్నాడుగా!" అని మాటిచ్చేసి, ఇద్దరమ్మాయిల్ని వెంటబెట్టుకుని నేరుగా సెలూన్‌కే వచ్చింది. అప్పుడే టైరు షాపాయన గడ్డానికి నురగ పట్టించిన బావ, కుడితిలో పడ్డ ఎలుకలా నావైపు చూశాడు. నేనేం చేస్తాను? పోనీ, ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు కదా! పాడు నోరు, ఊరుకుంటేనా!

"తెల్లవారగానే బయల్దేరాలి. నీళ్ళు ఎక్కువ పెట్టుకోండి. ఎక్కేటప్పుడు ఎడమకు తిరగాలి, చీలిన బండ అటే ఉంటుంది," అన్నాడు అద్దంలోకి చూస్తూ.

ఒకమ్మాయి ఫోన్ తీసింది. "ఈ ఫోటో నిన్న కింద నుంచి తీశాను అంకుల్. బండ కుడివైపుంది."

"ఫోన్లలో అన్నీ తిరగబడతాయమ్మా."

మా మేనకోడలు గుమ్మంలోకి వెళ్ళి కొండను చూసింది. లోపలికి వచ్చి అద్దంలోకి చూసింది. అద్దంలో బండ ఎడమవైపుంది. రోజంతా అద్దానికేసి నిలబడే మనిషి ఆ కొండను చూసిందంతా అందులోనే. పిల్లకు అర్థమైపోయింది. బావ ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"నాన్నకి మోకాలు నొప్పి," అంది చటుక్కున స్నేహితులతో. "రాలేడు. నొప్పితో ఏదో అంటున్నాడు. మనమే వెళ్దాం."

ఆ పిల్ల అబద్ధమాడగా నేను అంతవరకు వినలేదు. నాకే తల కొట్టేసినట్టయింది. బావ చేతిలోని కత్తి కింద పెట్టాడు.

"మోకాలికేం లేదమ్మా. నేనసలు ఆ కొండ ఎప్పుడూ ఎక్కలేదు."

ఆ అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టైరు షాపాయన నురగ మొహంతోనే కళ్ళు మూసుకున్నాడు. నిజం ఒప్పుకుంటే కూతురు మెచ్చుకుంటుందనుకున్నాడో ఏమో, బావ అద్దంలోంచి ఆమెవైపు ఆశగా చూశాడు.

"నీ పరువు కోసమే కదా నాన్నా చెప్పాను," అంది ఆ పిల్ల. "ఇప్పుడు వీళ్ళ ముందు నన్ను కూడా అబద్ధాలకోరును చేశావు."

స్నేహితుల వంకైనా చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళడం కూడా బావ అద్దంలోనే చూశాడు. వెనక్కి తిరగడానికి ఆయనకు మొహం చెల్లలేదు.