ఆయనకు వినపడాల్సిన కూత

చాలా ఏళ్ల కిందట రావులపాలెం నుంచి రాజమండ్రి వెళ్లే బస్సులో, డ్రైవరు వెనక సీట్లో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నారు. ఒళ్లో పాత పంచెలో చుట్టిన బరువైన మూట. అదేంటండీ అంటే వినపడలేదు. చెవి దగ్గరకు వంగి మళ్లీ అడిగాను.

"క్రాంక్ షాఫ్టండీ, రాడ్లూను!" అన్నారు గట్టిగా. "మావోడు మెకానిక్కండి. పాత కారు ఇంజన్లో ఉన్నయ్యి తీసేసి ఇయ్యి బిగిస్తే రయ్యిమని తిరుగుద్దంట. రైసుమిల్లు మోతకి నా చెవులు పోయాయి కదండీ. ఈ కూత మాత్రం నీక్కూడా వినపడుద్ది నాన్నా అనేవోడు."

"బిగించాడాండీ?"

"కామెర్లొచ్చి పోయాడండి."

ఆ మాటా అంతే గట్టిగా అన్నారు. బస్సంతా మాటలు ఆగిపోయాయి. ఆయనకది తెలియలేదు.

"ఇంకో మెకానిక్కు బిగిస్తానన్నాడండి. ఒక్కసారి వింటాను."

మోరంపూడిలో దిగబోతూ, డ్రైవరు పక్కనున్న ఇంజన్ బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. డ్రైవరు ఆయన్నొకసారి చూసి, గేరు తీసి, యాక్సిలరేటరు ఆఖరుదాకా తొక్కాడు. బస్సు అద్దాలన్నీ అదిరాయి.

పెద్దాయన కాసేపు చెవి ఒగ్గి, వినపడలేదన్నట్టు తల అడ్డంగా ఊపి, మూట గుండెలకు ఆనించుకుని దిగిపోయారు.