ఎడమ పక్క దుప్పి, కుడి పక్క దుప్పి

ఈ జూలై రెండో ఆదివారం ఉదయం తొమ్మిదింబావుకు, సన్నటి ముసురు పడుతుండగా, నాచారంలోని మా అపార్ట్‌మెంటు వరండాలో సరిగ్గా మా తలుపుకు ఎదురుగా కెమెరా బిగించడానికి వచ్చినాయన, మనిషి కదిలితేనే ఇది బొమ్మ తీస్తుందని నాకు వివరించబోయాడు. ఆ సంగతి నాకు కొంత తెలుసు.

నా ఈడువారికి గుర్తుండే ఉంటుంది, ఉప్పల్‌లో పెద్ద పెద్ద ప్రహరీ గోడల వెనక ఒకప్పుడు ఎంత అడవి దాగి ఉండేదో. 2009 వేసవిలో నేను అక్కడి ఒక పరిశోధన సంస్థలో పరికరాల విభాగంలో పనిచేసేవాణ్ణి. మా ఆవరణకు తూర్పున తుమ్మలూ సీతాఫలం పొదలూ బండరాళ్ళూ నిండిన జాగాలో పూర్వం దుప్పుల మంద తిరిగేదట. ఎన్ని మిగిలాయో తేల్చమనీ, అందుకు ఏ కెమెరా నమ్మదగినదో, ఏది పెట్టిన డబ్బుకు తగినదో కూడా చెప్పమనీ పైవారు నాకు అప్పగించారు. కనీసం రెండుంటే అక్కడే ఉండనిస్తారు. ఒక్కటే అయితే, మందతో బతకవలసిన జంతువు కనుక, పట్టి జింకల పార్కుకు పంపిస్తారు. అంతకు ముందటి ఏడే నా భార్య పోయింది. ఆదివారాలు గడవని ఆ రోజుల్లో ఆ పని దొరకడం నాకు మేలే అయింది.

అవి విదేశాల్లో జింకల వేటగాళ్ళ కోసం తయారైన కెమెరాలు. వేటగాడు ఎక్కడ మాటు వేయాలో కూడా వాటి వెంట వచ్చిన పుస్తకంలో రాసి ఉంది. వేట నేరమైన మన దేశంలో వాటిని తలలు లెక్కపెట్టడానికి తుమ్మచెట్లకు కట్టాం. కట్టినది నేనూ, చర్లపల్లిలో ఫిట్టరుగా పనిచేస్తూ, మేడిపల్లి నుంచి ఆదివారం ఆదివారం స్కూటరు మీద వచ్చే మా బావమరిదీ.

"ఏంది బావా, దుప్పులకు రేషన్ కార్డులు ఇప్పిస్తవా, గిన్ని ఫొటోలు?" అని నవ్వేవాడు.

మాకిచ్చిన రెండు కెమెరాల్లో ఒకటి ఖరీదైనది, రెండోది దాని ధరలో మూడో వంతుకు వచ్చిన చవకది. జంతువు ఒంటి వేడిని బట్టే కదలికను పసిగట్టేవి కనుక, గాలి కూడా ఒంటి వేడితో సమానంగా కాగే మధ్యాహ్నాల్లో రెండూ గుడ్డివే. చల్లబడ్డాక ఖరీదైనది రెప్పపాటులో బొమ్మ తీసేది. చవకది జంతువు దాటిపోయాక తీరిగ్గా మేల్కొని ఖాళీ బాటను చూపించేది. "గిది మా సూపర్‌వైజర్ లెక్కనే ఉన్నది, పనయినంక వస్తది" అనేవాడు బావమరిది.

దుప్పి ఒంటి మీది చుక్కలు మన వేలిముద్రల వంటివి. ఏ రెండింటికీ ఒకే తీరున ఉండవు. సాయంత్రం నీటి గుంటకు వెళ్ళే దుప్పి చుక్కలు ఒక తీరుగా, తిరిగి వచ్చే దుప్పి చుక్కలు మరొక తీరుగా ఖరీదైన కెమెరాకు దొరికాయి. కొమ్ములు లేవు కనుక రెండూ ఆడవే. "అక్కాచెల్లెండ్లు బావా! ఒకదానికొకటి తోడున్నయ్" అని అతను మురిసిపోయాడు. ఆ పూట మా ఇంట్లో ఇద్దరం వండుకుని తిన్నాం. వంటగదిలో రెండు పళ్ళేల చప్పుడు విని చాలా కాలమైంది.

ఆ తరువాతే నాకు అనుమానం తగిలింది. కెమెరా బాటకు ఒకే వైపున ఉంది. వెళ్ళేటప్పుడు దానికి కనబడింది ఎడమ పక్క, వచ్చేటప్పుడు కుడి పక్క. ఒకే దుప్పికి కూడా రెండు పక్కల చుక్కలూ ఒకటి కావు.

"రెండని రాసి పడెయ్ బావా, ఎవడు సూడొచ్చిండు? పాపం, ఉన్నకాడ ఉండనియ్" అన్నాడు బావమరిది. రాయలేకపోయాను. గుంట ఒడ్డున రెండు కెమెరాలనూ ఎదురెదురుగా బిగించాను.

మరుసటి ఆదివారం చూస్తే, దుప్పి నీళ్ళు తాగుతూ నిలబడినందువల్ల చవకది కూడా అందుకోగలిగింది. రెండు బొమ్మల మీదా అచ్చుపడిన వేళ ఒకటే, నిమిషంతో సహా. ఒకదానిలో మేమెరిగిన ఎడమ పక్క, మరొకదానిలో మేమెరిగిన కుడి పక్క. కదిలే జంతువుకు ఖరీదైనదే కావాలనీ, నిలిచే చోట చవకది చాలుననీ, దుప్పి ఒక్కటేననీ నివేదిక రాశాను.

బావమరిది ఆ బొమ్మలను చాలాసేపు చూసి, "ఇన్నొద్దులు ఒక్కతే ఉన్నదా బావా" అన్నాడు.

వానలు మొదలయ్యాక దానిని తీసుకువెళ్ళారు. పార్కులో మందతో కలిసిందని తరువాత విన్నాను. బావమరిది మరో రెండు ఆదివారాలు వచ్చి మానేశాడు. పొరపొచ్చాలేమీ లేవు, రావడానికి పనే లేకపోయింది. ఇప్పుడు దమ్మాయిగూడలో ఇల్లు కట్టుకున్నాడు, పండుగకు ఫోను చేస్తాడు. దుప్పి తిరిగిన జాగాలో అంతస్తుల భవనం లేచింది. ఆనాడు ఆ లెక్క తేలడానికి మాకు ఒక వేసవి పట్టింది. ఇప్పుడు బిగించిన పూటే తేలిపోతోంది.

కెమెరా బిగించినాయన పరీక్ష కోసం నన్ను లిఫ్టు దాకా వెళ్ళి రమ్మని, తన ఫోనులో చూపించాడు. వెళుతున్నప్పుడు నా ఎడమ పక్క, వస్తున్నప్పుడు నా కుడి పక్క.

"ఇంట్ల ఎంతమందుంటరు సార్? పేర్లు ఎక్కియ్యాలె" అన్నాడు.

ఒకటి.